“మతం అవిశ్వాసం” అన్న మాట ఎవరి గురించి?

పల్నాటి_బోధకుడు | శనివారం, రాత్రి 10:40

అందరికీ వందనాలు.

శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు మా ఊరి మీదుగానే వెళ్తాయి. ఈసారి అదే సాయంత్రం మా యువకుల బైబిల్ క్లాసు పడింది. బయట డప్పుల మోత. కిటికీలోంచి ప్రభ మీద లైట్లు కనిపిస్తున్నాయి. లోపల ఒక తమ్ముడు స్లైడ్ వేశాడు: “మతం అవిశ్వాసం – కార్ల్ బార్త్”. వేసి కిటికీ వైపు చెయ్యి చూపించి, “మనది మతం కాదు, మార్గం. మతం అంటే అదిగో, అది” అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. క్లాసు నడిపేది నేనే అయినా ఆ నిమిషంలో నాకు మాట రాలేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

స్విస్ క్రైస్తవ వేదాంతి బార్త్ ఆ మాట ఎక్కడి నుంచి అన్నాడో చూడండి. 1914లో ఆయన స్విట్జర్లాండ్‌లో సాఫెన్‌విల్ అనే ఊళ్ళో సంఘకాపరి. మిల్లు కార్మికులు ఉండే ఊరు. యుద్ధం మొదలయ్యాక అక్టోబరులో జర్మనీలో 93 మంది మేధావులు తమ చక్రవర్తి కైజర్ యుద్ధాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఆ జాబితాలో బార్త్‌కు వేదాంతం నేర్పిన హార్నాక్, హెర్మన్ కూడా ఉన్నారు. ఏ గురువుల దగ్గర బైబిల్ చదవడం నేర్చుకున్నాడో వాళ్ళే తుపాకులకు దేవుడి పేరు పెట్టారు. వాళ్ళ భక్తిలో లోపం లేదు, చదువులో లోపం లేదు. అయినా అంత చదువు, అంత భక్తి కలిసి తమ దేశానికి, తమ గొప్పకు దేవుడి ముద్ర వేయడానికే పనికొచ్చాయి. బైబిల్లోని రోమా పత్రిక మీద బార్త్ రాసిన వ్యాఖ్యానం ఈ దెబ్బలోంచి వచ్చిందే. 1922లో దాన్ని మొదటి నుంచి తిరగరాశాడు.

1933లో ఇంకా ఘోరం చూశాడు. హిట్లర్ వెనక నడిచిన “జర్మన్ క్రైస్తవులు” యూదు రక్తం ఉన్న బోధకులను సంఘం నుంచి తీసేయాలన్నారు. 1934 మే నెలలో బార్మెన్‌లో దానికి ఎదురుగా చేసిన ప్రకటనలో ఎక్కువ భాగం బార్త్ రాసిందే. మరుసటి సంవత్సరం బాన్‌లో ఉద్యోగం పోయింది, బాసెల్‌కు వచ్చేశాడు. మతం అవిశ్వాసం అని వివరంగా రాసిన సంపుటం 1938లో వచ్చింది. అందులో ఆయనే చెప్తాడు: ఈ తీర్పు పక్క మతాల మీద కూర్చుని మనం చెప్పేది కాదు, ముందు మన మీద పడేది.

అంటే ఆ స్లైడ్ వేయాల్సింది కిటికీ వైపు తిరిగి కాదు, బలిపీఠం వైపు తిరిగి. నేను చదివింది సరైనదేనా? పెద్దలు చెప్పండి.


యువ_సాక్షి | శనివారం, రాత్రి 11:15

అన్నా, ఆ స్లైడ్ వేసింది నేనే. మీరు పేరు పెట్టలేదు, థాంక్స్.

కానీ నాకు ఒక సందేహం ఉంది. అన్ని మతాలూ తీర్పు కిందే ఉన్నాయి, మనదీ అందులోనే ఉంది అంటే ఇక సువార్త ఎందుకు చెప్పాలి? మా నాన్న తాగుడు మానింది ఒక కూటంలో. ఆ రాత్రి నాకు గుర్తుంది. ఇంటికొచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అది మనిషి కట్టుకున్న మతం అంటే నేను ఒప్పుకోను.


పల్నాటి_బోధకుడు | శనివారం, రాత్రి 11:32

తమ్ముడూ, మీ నాన్నగారు ఆ రాత్రి చేసిన పనిని బార్త్ మతం అనడు. ఆ మర్నాటి నుంచి “మాకు దొరికింది, మీకు దొరకలేదు” అని మనం మెడ ఎత్తుతామే, దాన్ని అంటాడు. కృపను ఆస్తిగా రాయించుకోవడం అన్నమాట. ఆ మెడ ఎత్తడం నాలోనూ ఉంది, క్లాసులో చాలాసార్లు చేశాను.


బెజవాడ_హేతువాది | ఆదివారం, ఉదయం 6:50

నేను దేవుణ్ణి నమ్మను. అయినా ఈ చర్చ నాకు ముఖ్యమే అనిపించి రాస్తున్నాను.

బార్త్ కన్నా దాదాపు వంద ఏళ్ళ ముందే, 1841లో, జర్మన్ తత్వవేత్త ఫాయర్‌బాఖ్ ఈ మాట చెప్పాడు. మనిషి తనలోని మంచిని, తన కోరికలను ఆకాశం మీదికి విసిరి, దానికి దేవుడని పేరు పెట్టి మొక్కుతున్నాడని. బార్త్ ఆయన్ని గౌరవంగా చదివాడు, మతం విషయంలో ఫాయర్‌బాఖ్ చెప్పింది నిజమే అన్నాడు. తర్వాత “కానీ దేవుడు తానే మాట్లాడాడు” అని ఒక తలుపు తెరిచి ఉంచుకున్నాడు. ప్రతి మతమూ తెరిచి ఉంచుకునే తలుపు అదేగా? అవతలివాళ్ళవి ఊహలు, మాది ప్రత్యక్షత.

నేను పటమటలో పెరిగాను. నాస్తిక కేంద్రం మా ఇంటికి నడిచివెళ్ళేంత దూరం. గోరా గారు దాన్ని 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో బెజవాడకు తెచ్చారు. కులాలు కలిసి కూర్చుని తినాలని సహపంక్తి భోజనాలు పెట్టారు. పెద్దకూతురి పెళ్ళి అంటరాని కులం అని ఊరు దూరం పెట్టిన కుటుంబంలోని యువకుడితో నిశ్చయించారు. సేవాగ్రామంలో ఆ పెళ్ళి జరిపిస్తానని గాంధీ మాట ఇచ్చారు. ఆయన హత్య తర్వాత 1948లో అక్కడే జరిగింది. మతం మీద విమర్శ అంటే నాకు అదీ. వాదం కంచం దాకా, పెళ్ళి దాకా వచ్చింది. మీ బార్త్ విమర్శ ఎక్కడిదాకా వచ్చింది? నిజంగానే అడుగుతున్నాను, ఎద్దేవా కాదు.


న్యూరెంబర్గ్_నర్సు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

వందనాలు. మాది బాపట్ల దగ్గర. ఆరేళ్ళుగా ఇక్కడ ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని చేస్తున్నాను.

ముందు ఆ జర్మన్ మాట గురించి చెప్తాను. దేవుని ప్రత్యక్షత మతానికి “ఆఫ్‌హేబుంగ్” అని బార్త్ ఆ అధ్యాయానికి పేరు పెట్టాడు. ఇంగ్లీషులో దాన్ని రద్దు అని అనువదించారు, మనవాళ్ళు అదే పట్టుకున్నారు. నేను రోజూ వార్డులో వినే మాట ఇది. మాత్ర కింద పడితే తియ్యమని చెప్పడానికి ఇదే క్రియ. బిల్లు జాగ్రత్తగా దాచమన్నా ఇదే. రూల్ ఎత్తేశారన్నా ఇదే. కింద పడ్డదాన్ని ఎత్తడం, దాచడం, కొట్టేయడం మూడూ ఒక మాటలో ఉన్నాయి. మతాన్ని దేవుడు కొట్టేస్తాడు, కానీ నేల మీద వదిలేయడు, ఎత్తుకుంటాడు కూడా. పాపిని నీతిమంతుడిగా ఎంచినట్టే. రద్దు అన్న ఒక్క ముక్కే పట్టుకుంటే బార్త్ చేతిలో కర్ర ఒకటే కనిపిస్తుంది.

ఇక జర్మనీని సెక్యులర్ దేశం అంటారు కదా. నేను వచ్చిన మొదటి వారం అడ్రస్ రిజిస్ట్రేషన్‌కు వెళ్తే ఫారంలో మతం కాలమ్ ఉంది. ప్రొటెస్టెంట్ అని రాశాను. మొదటి జీతం స్లిప్‌లో చర్చి పన్ను కోత చూసి కంగారు పడ్డాను. ఇక్కడ బవేరియాలో ఆదాయ పన్ను మీద 8 శాతం, చాలా రాష్ట్రాల్లో 9. వద్దనుకుంటే ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళి సంఘం నుంచి బయటికి వస్తున్నానని రాసివ్వాలి. మా దగ్గర ఉండే పెద్దవాళ్ళలో చాలామంది ఎప్పుడో అలా రాసిచ్చినవాళ్ళే.

వాళ్ళలో ఒక తాతగారు పోయే ముందు రాత్రి డ్యూటీ నాది. ప్రార్థన చేయనా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. కాసేపాగి, కుర్చీ దగ్గరకు జరుపుకోమన్నాడు. జరుపుకున్నాను. తెల్లవారుజామున నాలుగు దాటేదాకా చెయ్యి వదల్లేదు.

బోన్‌హాఫర్ టేగెల్ జైలు నుంచి, హిట్లర్‌ను ఎదిరించిన ఈ జర్మన్ బోధకుడు, 1944 ఏప్రిల్ 30న రాసిన ఉత్తరంలో మతం లేని క్రైస్తవ్యం గురించి అడుగుతాడు. మన తెలివి అయిపోయిన చోట, మన బలం చాలని చోట మాత్రమే దేవుణ్ణి పెట్టడం ఆయనకు నచ్చలేదు. జూలైలో రాసిన ఇంకో ఉత్తరంలో గెత్సేమనే తోట గుర్తు చేస్తాడు: నాతో ఒక గంట మెలకువగా ఉండలేరా అని యేసు అడిగిన మాట. మతం ఉన్న మనిషి కష్టంలో దేవుణ్ణి సాయం అడుగుతాడు, ఇక్కడ దేవుడే మనిషిని తోడు అడుగుతున్నాడు. ఆ తాతగారి కుర్చీ పక్కన కూర్చున్నాకే నాకు అది అర్థమైంది.

ఫ్లోసెన్‌బుర్గ్‌కు ఒకసారి వెళ్ళాను. 1945 ఏప్రిల్ 9న నాజీలు బోన్‌హాఫర్‌ను ఉరి తీసిన క్యాంపు అది. రెండు వారాలకే అమెరికా సైన్యం వచ్చి ఆ క్యాంపును విడిపించింది.

హేతువాది అన్నయ్యా, మీ ప్రశ్నకు ఇదొక జవాబు అనుకుంటున్నాను. ఈ విమర్శ ఒక మనిషి విషయంలో ఉరికంబం దాకా వచ్చింది. అయితే బార్మెన్ ప్రకటనలో యూదుల గురించి ఒక్క వాక్యం లేదు. యూదుల ప్రశ్నను అప్పుడే ముందుపెట్టకపోవడం తన తప్పేనని బార్త్ 1967లో రాశాడు. ఆ మాట కూడా దాచకూడదు.


తెలుగు_పంతులమ్మ | ఆదివారం, సాయంత్రం 5:20

నేను హిందువును. నర్సమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

“మతం” అనే మాట గురించి ఒకటి చెప్పాలి. క్లాసులో “ఇది సూరి మతం, అది అహోబలపండితుని మతం” అని ఇప్పటికీ వ్యాకరణం చెప్తాం. అక్కడ మతం అంటే అభిప్రాయం. మననం చేసి నిర్ణయించుకున్నది. అందుకే “మతం మనిషి అభిప్రాయం” అంటే తెలుగువాళ్ళకు కోపం రానక్కర్లేదు, ఆ మాటలోనే ఉంది. తర్వాత కాలంలో సర్కారు జనాభా లెక్కల కాలమ్‌కు అదే మాట పెట్టుకున్నాం, అప్పటి నుంచి అభిప్రాయం కాస్తా గుర్తింపు అయిపోయింది.

ఇంకొకటి. శ్రీలంక వేదాంతి డి.టి. నైల్స్ 1935లో బార్త్‌ను కలిసినప్పటి సంగతి ఆయనే చెప్పారు. మిగతా మతాలు అవిశ్వాసమే అని బార్త్ అన్నాడట. మీరు ఎంతమంది హిందువులను కలిశారని నైల్స్ అడిగారు. ఒక్కరిని కూడా కలవలేదన్నాడు. మరి హిందూమతం అవిశ్వాసమని ఎలా తెలుసు? అది చూడకుండానే ముందే తెలిసే సంగతి అన్నాడు బార్త్. నైల్స్ తల ఊపి నవ్వారట. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా ఇంటి తలుపు ఒక్కసారి కూడా తట్టకుండా లోపల దీపం లేదని తేల్చేశాడు కదా అనిపించింది.

న్యాయంగా చెప్పాలంటే, అదే అధ్యాయంలో బార్త్ జపాన్‌లోని షిన్‌రాన్ అనే గురువు చెప్పిన బౌద్ధం గురించి, మన భక్తి మార్గం గురించి కూడా రాశాడు. కృపే రక్షిస్తుందన్న బోధ క్రైస్తవుల సొత్తు కాదని ఒప్పుకున్నాడు. మా అమ్మమ్మ శ్రీవైష్ణవురాలు, మార్జాల కిశోర న్యాయం చెప్పేది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుపోతుంది, మనం పిల్లిపిల్లలం అనేది. పదమూడో శతాబ్దపు షిన్‌రాన్ వింటే ఔననేవాడు. లూథర్ కూడా సగం దాకా ఔననేవాడేమో. మరి తేడా ఎక్కడ? యేసు అన్న పేరు ఒక్కటే తేడా అంటాడు బార్త్. బోధలో తేడా చూపించలేకపోయినప్పుడు, ఆ పేరు పలికేవాళ్ళకు పై మెట్టు ఎలా వస్తుంది?


పల్నాటి_బోధకుడు | ఆదివారం, రాత్రి 8:10

అమ్మా, రాదు. బార్త్ కూడా రాదనే అంటాడు. సూర్యుడి వెలుగు భూమి సగం మీద పడి, మిగతా సగం చీకట్లో ఉంటుంది, ఆ వెలుగు భూమి గొప్పతనం కాదు అన్న పోలిక ఆయనదే. కానీ నైల్స్ అడిగిన ప్రశ్నకు బార్త్ దగ్గర సరైన జవాబు లేదు. నా దగ్గరా లేదు.


నెల్లూరు_వకీలు | సోమవారం, ఉదయం 7:30

ఈ వాదం మన గడ్డ మీదే జరిగింది, మనవాడే జరిపాడు. ఇప్పటిదాకా ఎవరూ ఆయన పేరు ఎత్తకపోవడం బాధగా ఉంది.

పి. చెంచయ్య గారు. 1886లో నెల్లూరులో పుట్టారు. వకీలు, పుదుక్కోట సంస్థానంలో జడ్జి. చిన్నప్పుడే తండ్రితోపాటు క్రైస్తవులయ్యారు. 1938 డిసెంబరులో మద్రాసు పక్కన తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దానికోసమే హెండ్రిక్ క్రేమర్ అనే డచ్ పండితుడు ఒక పెద్ద పుస్తకం రాశాడు. బార్త్ బాటలోనే, బైబిల్ ప్రత్యక్షతకూ మిగతా మతాలకూ మధ్య వంతెన లేదన్నాడు. సభకు ముందే మద్రాసులోని కొందరు భారతీయ క్రైస్తవులు తమ వ్యాసాలు అచ్చు వేశారు. అందులో క్రేమర్‌కు చెంచయ్య గారు సూటిగా జవాబు చెప్పారు.

వంతెన లేదన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. అంతకన్నా ముందుకు వెళ్ళారు. యేసు ఇంకో మతం పెట్టడానికి రాలేదు, మనిషిలో కొత్త సృష్టి మొదలుపెట్టడానికి వచ్చాడు అన్నారు. పాశ్చాత్యులు ఆయన చుట్టూ కట్టిన సంఘమూ సిద్ధాంతాలూ పక్కన పెట్టి క్రీస్తును నేరుగా చూడమన్నారు. హిందూ వారసత్వం నాది కాదనుకోనక్కర్లేదన్నారు. కుంభకోణం మాస్టర్ సి.వి.వి. యోగం మీద కూడా ఆయనకు ఆసక్తి ఉండేది. ఇప్పటి సంఘాలు ఇది వింటే ఉలిక్కిపడతాయి.

మునిపల్లె కె. సుబ్బారావు గారు ఇంకొకరు. బడిపంతులు, దేవుడంటే పట్టనివాడు. 1942లో జబ్బుతో ఉన్నప్పుడు క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పారు. తర్వాత రోగుల కోసం ప్రార్థన చేస్తే వేలమంది వచ్చేవాళ్ళు. బాప్తిస్మం అవసరం లేదన్నారు. గురుదేవుడిగా క్రీస్తును పాడుకున్నారు, చర్చి వ్యవస్థను గట్టిగా విమర్శించారు. కాయ్ బాగో అనే డేనిష్ చరిత్రకారుడు 1960లలో ఈ ఉద్యమం మీద రాశాడు. బోన్‌హాఫర్ జైల్లో అడిగిన ప్రశ్నను ఇక్కడ ఒక పల్లెటూరి పంతులు, ఆ పేరే వినకుండా, బతికి చూపించాడు. చెంచయ్య గారు, సుబ్బారావు గారు ఇద్దరూ తెలుగువాళ్ళు. మన బైబిల్ కాలేజీల్లో జర్మన్ పేర్లు కంఠతా వస్తాయి, వీళ్ళ పేర్లు చెప్తే ఎవరండీ అంటారు.


నల్లరేగడి | సోమవారం, రాత్రి 9:45

అందరి మాటలూ గౌరవంతో చదివాను. మాది ఒంగోలు వైపు మాదిగపల్లె. ఇప్పుడు టీచర్‌ని. మీరెవరూ అడగని ప్రశ్న ఒకటి అడగాలి. మతం వద్దు అనడం ఎవరికి సులువు?

చెంచయ్య గారు సంఘం అవసరం లేదన్నారు. సుబ్బారావు గారు బాప్తిస్మం అవసరం లేదన్నారు. వాళ్ళకు అప్పటికే ఇంటిపేరుంది, చదువుంది, ఊళ్ళో పిలుపుంది. 1866లో అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చినప్పుడు మా మనిషి ఎర్రగుంట్ల పేరయ్య తానే వెతుక్కుంటూ నడిచి వెళ్ళాడు. కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళు బార్త్ చెప్పిన గర్వంతో దిగలేదు ఆ నీళ్ళలోకి. మా జేజి చెప్పేది, రిజిస్టర్‌లో పేరు రాసేటప్పుడు “ఒరే” అనకుండా పేరు అడిగిన మొదటి చోటు అదేనని. మాకు ఆ మతం అంటే పలక, ఆసుపత్రి, పూర్తి పేరు. వంచిన నడుము ఎత్తడం. దళిత క్రైస్తవ వేదాంతి ఎ.పి. నిర్మల్ గారు 1980లలో బెంగళూరులో అన్నది ఇదే: భారతీయ క్రైస్తవ వేదాంతం బ్రాహ్మణ సంప్రదాయంతోనే మాట్లాడింది, దళితులతో మాట్లాడలేదు.

ఇక మన సెక్యులర్ రాజ్యం. 1950 ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులమైన మేము బీసీ-సి. మతం మారితే కులం పోతుందని కాగితం చెప్తుంది. ఊరికి ఆ సంగతి తెలియదు. అందుకే మా వాళ్ళలో ఎంతోమంది ఆదివారం చర్చిలో ఉంటారు, సర్టిఫికెట్లో హిందువుగా ఉంటారు. నర్సు చెల్లెమ్మ జర్మనీ ఫారం గురించి రాసింది. అక్కడ కాలమ్ నింపితే 8 శాతం పోతుంది. ఇక్కడ నింపితే బిడ్డ చదువు పోతుంది.

అయితే నేను సంఘాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. మా అత్తగారిది పల్నాడు. ఆమె పోతే సమాధుల తోటకు తీసుకెళ్ళాం. లోపలికి వెళ్ళాక చూస్తే నడుము ఎత్తున గోడ. అటువైపు ఒక కులం క్రైస్తవులు, ఇటువైపు మేము. పెట్టె మోసేవాళ్ళు దగ్గర దారి కదా అని గేటు దగ్గర అటు తిరిగారు. ఒక సంఘ పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు. గట్టిగా కూడా అనలేదు, “ఇటు కాదమ్మా, అటు” అన్నాడు, అలవాటుగా. పెట్టె భుజం మీద ఉండగానే వెనక్కి తిరిగి, తుమ్మచెట్టు చుట్టూ తిరిగి వెళ్ళాం. అప్పుడు మేం పాడుతున్న పాట మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ ఎవరూ అందుకోలేదు.

బోధకుడు గారూ, మీ బార్త్ మాట నిజమని నాకు ఆ రోజు తెలిసింది. మతం అవిశ్వాసం. అది ప్రభ మీద లేదు. ఆ గోడ మీద ఉంది.


బెజవాడ_హేతువాది | సోమవారం, రాత్రి 10:20

టీచరమ్మా, పలక, పూర్తి పేరు గురించి మీరు రాసింది చదివాక నేను నిన్న రాసినదాంట్లో కొంత తొందరపాటు ఉందనిపిస్తోంది. మతం పోతే చాలు అనుకునేవాణ్ణి. అది పోయాక మీ జేజికి ఆ రిజిస్టర్ ఎవరు తెరిచేవాళ్ళో నేను ఆలోచించలేదు.


తెలుగు_పంతులమ్మ | సోమవారం, రాత్రి 10:41

మా వైపు శ్మశానాల్లో కూడా ఇంతే. గోడ కనిపించకపోవచ్చు. ఏ కులానికి ఏ మూలో అందరికీ తెలుసు.


పల్నాటి_బోధకుడు | బుధవారం, రాత్రి 9:15

రెండు రోజులు రాయలేదు. కారణం చెప్తాను.

నల్లరేగడి అక్కా, తుమ్మచెట్టు అని చదవగానే అనుమానం వచ్చింది. నిన్న పొద్దున వెళ్ళి చూశాను. మీరు రాసింది మా తోట కాకపోవచ్చు. కానీ మా తోటలోనూ గోడ ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, తాతను పెట్టినప్పుడూ చూశాను, అది ప్రహరీలో భాగమే అనుకున్నాను. నిన్న మొదటిసారి దాని పొడవునా నడిచాను. ఒక చివర చిన్న నాపరాయి పలక ఉంది. సున్నం కింద అక్షరాలు కనపడలేదు, గోటితో గీకితే వచ్చాయి. “దేవుని మహిమార్థం” అని, కింద దాతల పేర్లు. మూడో పేరు మా తాతది.

ఆయన రోజూ నాలుగింటికి లేచి మోకాళ్ళ మీద ప్రార్థన చేసేవాడు. నాకు బైబిల్ చదవడం నేర్పింది ఆయనే. 1914లో గురువుల సంతకాలు చూసి బార్త్‌కు ఏమైందో నేను పదేళ్ళుగా క్లాసులో చెప్తున్నాను. ఎలా ఉంటుందో నిన్న తెలిసింది.

వచ్చే నెల సంఘ కమిటీ మీటింగ్ ఉంది. గోడ తీసేయాలని తీర్మానం రాసి పెడతాను. పాస్ అవుతుందన్న నమ్మకం లేదు. మా నాన్న కూడా కమిటీలో ఉన్నాడు, ఆయనతో ఇంకా మాట్లాడలేదు, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.


నల్లరేగడి | బుధవారం, రాత్రి 9:50

తమ్ముడూ, తీర్మానం పెట్టేముందు గోడకు ఇటువైపు ఉన్న ఇళ్ళకు ఒకసారి వెళ్ళు. వాళ్ళను అడక్కుండా వాళ్ళ కోసం ఏమీ చేయకు. మీ నాన్నకు ముందు చెప్పు, మీటింగ్‌లో మొదటిసారి విననివ్వకు.


యువ_సాక్షి | బుధవారం, రాత్రి 11:05

అన్నా, ఆ ఇళ్ళకు నేనూ వస్తాను. మా అమ్మమ్మ వాళ్ళది అటువైపే, నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. తీర్మానానికి ఎంతమంది సభ్యుల సంతకాలు కావాలి?